పొగా, నిప్పూ, ఒక ఎర్తు తీగా



ఛందస్సు, శబ్దచర్చ తప్ప మరొకటి కనిపించని ఈ పుటలో ఈసారి మోటారు బండి కనిపిస్తే ఆశ్చర్యపోకండి. పంతులుకు ఇంజనుతో పనేమిటని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. కానీ చివరిదాకా చదివి నవ్వండి. ముప్పైమూడేళ్లు బళ్లో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాకు, అరవై దాటాక ఒక పాత కారు తర్కశాస్త్రం నేర్పింది. ఆ పాఠమే ఈ టపా.

మా అబ్బాయి 2013లో కొన్న బండి అది. ఉద్యోగరీత్యా దేశం దాటుతూ మా వాకిట్లో వదిలి వెళ్లాడు. పన్నెండేళ్లు నిండిన బండి. ఇంట్లో మనిషిలాగే దానికీ ఒకదాని తర్వాత ఒకటిగా రోగాలు మొదలయ్యాయి. ముందు స్పీడు బ్రేకరు దాటినప్పుడల్లా కింద ఎక్కడో "కటక్" మనే చప్పుడు. తరువాత బండి ఆగివున్నప్పుడు ఇంజనులో వణుకు. చివరికి ఒకనాటి ఉదయం, మా ఆవిడను కంటి ఆపరేషను తర్వాతి పరీక్ష కోసం గుంటూరు తీసుకెళ్లాల్సిన రోజున, తాళం తిప్పితే టకటకమని శబ్దం తప్ప మరేమీ లేదు. ఎదురుగా ఉన్న దీపాలన్నీ, బ్రేకులదీ స్టీరింగుదీ ఇంజనుదీ, ఒకేసారి వెలిగి ఆరిపోయాయి. నాలుగైదుసార్లు ప్రయత్నించాక ఎలాగో లేచింది. ఆ రోజు బస్సులో వెళ్లాం.

మర్నాడు ఒక పెద్ద సర్వీసు కేంద్రానికి తీసుకెళ్లాను. పేరు అనవసరం. చల్లని గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, గంట తర్వాత ఒక కాగితం చేతికిచ్చారు. కంప్యూటరు పదకొండు దోషాలు చెప్పిందట. ఆల్టర్నేటరు మార్చాలి, అప్పటికీ తగ్గకపోతే కంట్రోలు పెట్టె మార్చాలి, కింద చప్పుడుకు రెండు వైపులా ఆర్ములు మార్చాలి. మొత్తం డెబ్బై వేలకు పైమాటే. "ఇంత పెట్టినా గ్యారంటీ చెప్పలేం సార్. బండికి వయసైపోయింది, మార్చేయండి" అన్నాడు ఆ కుర్రవాడు మర్యాదగానే. విశ్రాంత ఉద్యోగితో అనదగిన మాట కాదది!

కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను. తెలియని విషయానికి డబ్బు చెల్లించే ముందు కనీసం ఆ విషయమేమిటో తెలుసుకోవాలన్న పట్టుదల కలిగింది. పది రోజులపాటు చదివాను. చదివినకొద్దీ అది నా బండి కథ కాదు, నూట ముప్పై ఏళ్లకు పైబడిన కథ అని తెలిసింది. ముందు ఆ కథ చెప్పి, నా బండి ఏమైందో చివర చెబుతాను.

నరసింహ స్వరూపం

మా బండి జాతిని క్రాసోవర్ అంటారు. చూపుకు జీపు, లోపల కారు. పాతకాలపు జీపుకు కింద ఉక్కు దూలాలతో కట్టిన చట్రం ఉంటుంది; పైడొప్ప దాని మీద కూర్చుంటుంది. కారుకు అలాంటి చట్రం వేరుగా ఉండదు, ఒళ్లే చట్రం. ఈ కారు నిర్మాణం మీద ఎత్తైన జీపు రూపం తొడిగితే పుట్టినది క్రాసోవర్. అటు నరుడూ కాదు, ఇటు సింహమూ కాదు. 1994లో జపానులో వచ్చిన టయోటా రావ్4 ఈ జాతికి దారి చూపిన బండి. మన దేశంలో 2012లో రెనో డస్టరు, 2013లో ఫోర్డు ఎకోస్పోర్టు వచ్చాక మధ్యతరగతి ఇళ్ల ముందు ఈ రూపం పెరిగింది.

ఈ సంకర జన్మ వల్ల ఒక ఇబ్బంది ఉంది. కారు కీళ్ల మీద అంతకంటే ఎత్తూ బరువూ ఉన్న శరీరం కూర్చుంటుంది. చక్రాన్ని ఒంటికి కలిపే ప్రతి కీలులోనూ రబ్బరు బుష్షులుంటాయి. పాత అంబాసిడరు కింద గ్రీజు ఎక్కించే చిన్న ముక్కులు ఉండేవి. నెలా రెండు నెలలకు గ్రీజు కొట్టిస్తే కీళ్లు హాయిగా ఉండేవి. రబ్బరు వచ్చాక ఆ సేవ అక్కర్లేకపోయింది. అది సుఖమే. అయితే సేవతో పాటు చికిత్స కూడా పోయింది. రబ్బరు చితికితే మందు లేదు, మార్చడమే. ఆ రబ్బరు ఒక్కటే విడిగా అమ్ముతారా, మొత్తం ఆర్ము కొనాలా అన్నది కంపెనీ ఇష్టం. "మరమ్మతు" అన్న మాట "మార్పిడి" అన్న మాటకు చోటిచ్చిన తొలి మెట్లలో ఇదొకటి.

మొదటి ప్రయాణం, మొదటి మరమ్మతు

జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు దరఖాస్తు చేసుకున్నది 1886 జనవరి 29న. దాన్ని కొనేవారు లేరు. మనిషి దానితో దూరం పోగలడని ఎవరికీ నమ్మకం లేదు. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టింటి ఊరు ఫోర్త్స్‌హైమ్‌కు ఆ బండి మీద బయలుదేరింది. వంద కిలోమీటర్లకు పైబడిన దూరం. మోటారు బండి మీద మనిషి చేసిన తొలి దూర ప్రయాణం అదే.

ఆ దారి పొడుగునా జరిగినవి చూడండి. ఇంధనం అయిపోతే వీస్లోఖ్ అనే ఊళ్లో మందుల దుకాణంలో, మరకలు పోగొట్టడానికి అమ్మే లిగ్రాయిన్ ద్రవం కొని పోసుకుంది. ఇంధన గొట్టంలో నలుసు అడ్డుపడితే టోపీ పిన్నుతో పొడిచి తీసిందని చెబుతారు. నిప్పురవ్వనిచ్చే తీగ ఒరుసుకుపోయి తగలకూడని చోట తగులుతుంటే మేజోడు పట్టీని దానికి చుట్టిందట. గొలుసు సాగితే ఒక కమ్మరి బిగించాడు. పల్లాల్లో దిగి దిగి బ్రేకు చెక్క అరిగిపోతే ఒక చెప్పులు కుట్టేవాని చేత దానిమీద తోలు కొట్టించింది. నేటి బ్రేకు లైనింగుకు ఆ తోలు ముక్కే మూలమంటారు. మెట్ట ఎక్కలేక పిల్లలు తోయవలసి వచ్చింది గనుక, బండికి మరొక గేరు కావాలన్న మాట ఆ ప్రయాణం తర్వాతే పుట్టింది.

ఈ కథ చదివాక నాకు ఒకటి తట్టింది. కారు చరిత్ర మరమ్మతుతోనే మొదలైంది. తొలి దూర ప్రయాణంలోనే యంత్ర దోషమూ వచ్చింది, విద్యుత్తు దోషమూ వచ్చింది. రెండూ దారిలోనే, దొరికిన వస్తువుతో, కంటికి కనబడే కారణంతో సరి అయ్యాయి. కమ్మరికీ చెప్పులవానికీ అంతకు ముందు మోటారు తెలియదు. ఇనుమూ తోలూ తెలుసు. అదే చాలింది.

హ్యాండిలు నుంచి సెల్ఫు దాకా

తొలి కార్లను ముందువైపు నిలబడి హ్యాండిలు తిప్పి లేపేవారు. ఇంజను అకాలంలో పేలితే హ్యాండిలు ఎదురు తిరిగి మణికట్టు విరిచేది. కొన్ని కేసుల్లో ప్రాణమే తీసేది. దీనికి మందు కనిపెట్టినవాడు అమెరికాలోని చార్లెస్ కెటరింగ్. దుకాణాల్లో డబ్బు లెక్కించే యంత్రాలకు అంతకు ముందు ఆయన విద్యుత్తు మోటారు అమర్చాడు. ఆ పనిలో ఒక సూక్ష్మం గ్రహించాడు: మోటారు కొద్ది క్షణాలే పనిచేయవలసి ఉంటే, అది చిన్నదైనా దాని శక్తికి మించిన విద్యుత్తు పంపవచ్చు, వేడెక్కి కాలిపోయేలోపు పని ముగుస్తుంది. 1911లో ఆ సూత్రంతోనే కారుకు స్టార్టరు తయారుచేశాడు. 1912 నమూనా క్యాడిలాక్‌లో అది ప్రజల చేతికొచ్చింది. మన షెడ్లలో దాన్ని "సెల్ఫు" అంటారు.

సెల్ఫు రావడంతో కారులోకి బరువైన బ్యాటరీ వచ్చింది. దాని సీసం–ఆమ్లం కూర్పు 1859లో ఫ్రాన్సులో గాస్తోన్ ప్లాంతే కనిపెట్టినది. నేటికీ మన బానెట్టు కింద ఉన్నది ఆ వంశమే. బ్యాటరీని నింపడానికి డైనమో వచ్చింది. బండి నిదానంగా నడిచేటప్పుడు డైనమో ఇచ్చేది స్వల్పం. 1960లో అమెరికాలో క్రైస్లరు వాలియంటు కార్లలో ఆల్టర్నేటరు వచ్చాక ఆ కొరత తీరింది. అయినా మన మేస్త్రీలు నేటికీ ఆల్టర్నేటరును "డైనమో" అనే పిలుస్తారు. వస్తువు మారినా పేరు నిలవడం భాషలో మనకు కొత్త కాదు కదా!

ఒంటి తీగ రహస్యం

ఇక్కడ ఒక చిన్న విద్యుత్ పాఠం తప్పదు. ఈ కథ ముడి దానిలోనే ఉంది.

ఇంట్లో దీపానికి రెండు తీగలు పోతాయి. కారులో చాలా దీపాలకు ఒకటే తీగ. బ్యాటరీ ధన ధ్రువం నుంచి తీగ మీద వెళ్లిన విద్యుత్తు, పని ముగించుకుని, బండి ఇనుప శరీరం గుండానే బ్యాటరీ ఋణ ధ్రువానికి తిరిగి చేరుతుంది. రాగి ఖర్చు సగం తగ్గుతుంది. ఈ తిరుగు దారినే "ఎర్తు" అంటారు; భూమితో దీనికేమీ సంబంధం లేదు. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది గనుక, రబ్బరులో విద్యుత్తు పారదు గనుక, ఇంజనునూ ఒంటినీ బ్యాటరీతో కలిపే లావుపాటి జడలాంటి పట్టీలు ఉంటాయి. అవే ఎర్తు పట్టీలు. వాటిని ఎవరూ చూడరు. ధర తక్కువ, మెరుపు లేదు, పైగా ఆమ్లపు ఆవిరీ వాననీరూ తగిలే చోట ఉంటాయి.

జార్జ్ ఓమ్ అనే జర్మన్ బడిపంతులు (పంతుళ్లు ఎక్కడైనా ఉంటారు!) 1827లో ప్రకటించిన సూత్రం మనం తొమ్మిదో, పదో తరగతిలో చదివిందే. ప్రవాహాన్ని నిరోధంతో గుణిస్తే నష్టపోయే వోల్టేజి వస్తుంది. సెల్ఫు తిరిగేటప్పుడు ఇంచుమించు రెండు వందల ఆంపియర్లు పారవచ్చు. ఎర్తు పట్టీ చివర తుప్పు పట్టి ఒక ఓములో నూరో వంతు నిరోధం చేరిందనుకోండి. రెండు వందలను నూరో వంతుతో గుణిస్తే రెండు వోల్టులు. పన్నెండు వోల్టుల సంసారంలో రెండు వోల్టులు దారిలోనే ఆవిరి! అదే తుప్పు ద్వారా ఒక చిన్న దీపానికి అర ఆంపియరు పారితే పోయేది లెక్కలోకి రాదు. అందుకే దీపం చక్కగా వెలుగుతుంది, సెల్ఫు మాత్రం తిరగదు. మామూలు మీటరు పెట్టి తీగ తెగిందా అని చూస్తే "బాగానే ఉంది" అనే చెబుతుంది. భారం మోపినప్పుడే బయటపడే బలహీనత అది. మనుషుల్లోనూ చూస్తుంటాం.

చెవితో విన్న రోజులు

నా చిన్ననాడు రోడ్డు మీద కనబడ్డవి అంబాసిడర్లూ ఫియట్లూ. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు ఆధారంగా 1950ల చివరలో బెంగాల్లోని ఉత్తర్‌పారాలో మొదలైన అంబాసిడరు తయారీ 2014లో ఆగింది. అర్ధ శతాబ్దానికి పైగా పెద్దగా మారని బండి. మారకపోవడం కారుకు లోపం కావచ్చు, మేస్త్రికి మాత్రం వరం. తండ్రికి తెలిసింది కొడుకుకు పనికొచ్చేది. కాయిలు, పాయింట్లు, కండెన్సరు, ప్లగ్గులు, కార్బురేటరు: బానెట్టు ఎత్తితే అన్నీ ఎదుటే. పాయింట్లు మసిబారితే గరుకు కాగితంతో రుద్దడం, ప్లగ్గు తీసి రంగు చూసి రోగం చెప్పడం, ఒక పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి పిడిని చెవికి పెట్టుకుని బేరింగు చప్పుడు వినడం. నాడి చూసే వైద్యుడికీ ఈ మేస్త్రికీ తేడా ఏముంది?

ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటని పేరుపొందిన విజయవాడ ఆటోనగరు ఇలాంటి చేతుల మీదనే పెరిగింది. ఊళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లలు వెళ్లి పానాలు అందిస్తూ అందిస్తూ మేస్త్రీలయ్యారు. బాలలు పనికి పోవడం నేను సమర్థించే విషయం కాదు. బడి మానేసిన అలాంటి పిల్లల కోసం ఇళ్ల చుట్టూ తిరిగినవాణ్ణి. కానీ ఆ షెడ్లలో ఒక విద్య గురుముఖతః నడిచిందన్నది చరిత్ర.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. అదీ కార్బురేటరు బండే. మేస్త్రీలు కొద్ది రోజుల్లోనే చదివేశారు. అసలు మలుపు 2000 ప్రాంతంలో, వాయు కాలుష్యం మీద నిబంధనలు బిగుసుకున్నాక వచ్చింది. కార్బురేటరు తప్పుకుని, ఇంధనాన్ని తూచి చిమ్మే ఇంజెక్షనూ, దాన్ని నడిపే కంప్యూటరు పెట్టే వచ్చాయి. బానెట్టు ఎత్తితే కనబడేది ఒక నల్లని మూత. చెవికి వినబడేది తక్కువ.

అయిదు అక్షరాల సూత్రం

కంప్యూటరు చేతికి ఇంజను చిక్కినప్పుడు, లోపల ఏం జరుగుతున్నదో అదే చెప్పాలన్న నియమం మొదట కాలిఫోర్నియాలో వచ్చింది. పొగమంచుతో ఉక్కిరిబిక్కిరైన రాష్ట్రమది. 1988 నమూనాల నుంచి మొదటి రూపం. 1996 నుంచి అమెరికాలో అమ్మే అన్ని కార్లకూ ఒకే తీరు పదహారు పిన్నుల రంధ్రం, ఒకే తీరు సంకేతాలు. మన దేశంలో ఆ ఏర్పాటు తొలి దశ 2010 ఏప్రిల్ నుంచి, రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి నిబంధనల్లోకి వచ్చింది. స్టీరింగు కింద తడిమి చూడండి, మీ బండిలోనూ ఉంటుంది.

ఆ సంకేతాలు చూసి నా పండిత హృదయం పొంగింది. ఒక అక్షరం, నాలుగు అంకెలు. పి అంటే ఇంజనూ గేర్లూ, సి అంటే బ్రేకులూ చక్రాల వ్యవస్థ, బి అంటే ఒళ్లు, యు అంటే పెట్టెల మధ్య మాటామంతీ. పి0300 అంటే సిలిండర్లలో ఎక్కడో మంట తప్పుతోందని. పి0562 అంటే వోల్టేజి తక్కువని. యు0100 అంటే ఇంజను పెట్టెతో మాట తెగిపోయిందని. "అచ్" అంటే అచ్చులన్నీ అన్నట్టు, గంపెడు అర్థాన్ని గుప్పెడు అక్షరాల్లో పెట్టారు. పాణిని చూస్తే మెచ్చుకునేవాడు.

పెట్టెల మధ్య మాటామంతీ అన్నానుగా, దానికీ చరిత్ర ఉంది. కారులో కంప్యూటర్లు పెరిగేకొద్దీ ప్రతిదానికీ ప్రతిదానితో తీగ లాగితే బండి నిండా తీగలే. జర్మనీలోని బాష్ సంస్థ 1986లో "క్యాన్" అనే పద్ధతిని ప్రకటించింది. మెలివేసిన రెండే తీగలు. వాటి మీదే అందరూ వంతులవారీగా మాట్లాడుకుంటారు. ఆ జంట తీగకు రెండు చివర్లా నూట ఇరవై ఓముల నిరోధాలుంటాయి. బ్యాటరీ విప్పి మీటరు పెడితే అరవై ఓములు చూపితే ఆ దారి క్షేమమని మేస్త్రీల గుర్తు. ఎంత అందమైన గుర్తు!

అయితే అసలు చిక్కు ఇక్కడే. ఆ అయిదు అక్షరాలు కార్యాన్ని చెబుతాయి, కారణాన్ని చెప్పవు. కొండ మీద పొగ కనబడితే నిప్పుందని ఊహించడం తర్కంలో మొదటి పాఠం. పొగమంచును పొగ అనుకుంటే ఏమవుతుందన్నది రెండో పాఠం. ఈ ఏర్పాటు పుట్టింది గాలి కలుషితం కాకుండా చూడడానికి. తుప్పు పట్టిన తీగ ఎక్కడుందో వెతకడానికి కాదు. వోల్టేజి పడిపోతే ప్రతి పెట్టే తనకు తోచింది రాసిపెడుతుంది. ఒకటి స్టీరింగు చెడిందంటుంది, ఒకటి బ్రేకు చెడిందంటుంది, ఒకటి పక్కవాడు పలకడం లేదంటుంది. పదకొండు ఫిర్యాదులు పదకొండు రోగాలు కానక్కరలేదు. ఒకే నిప్పుకు పదకొండు పొగలు కావచ్చు. అది తేల్చవలసినవాడు మనిషి.

తాళం ఎవరి చేతిలో

ఆ మనిషికి పనిముట్లు కావాలి, పుస్తకాలు కావాలి, విడిభాగాలు కావాలి. అవి ఎవరి దగ్గరున్నాయి? 2014 ఆగస్టు 25న మన దేశపు కాంపిటిషన్ కమిషను ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. అసలైన విడిభాగాలనూ, దోషం వెతికే పరికరాలనూ, మరమ్మతు సమాచారాన్నీ బయటి మేస్త్రీలకు అందకుండా చేస్తున్నారని నిర్ణయించి, 14 కార్ల కంపెనీలకు రమారమి 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. కంపెనీలు దాని మీద పై మెట్లెక్కాయి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర ప్రజలు అంతకు రెండేళ్ల ముందే, 2012లో, మరమ్మతు హక్కు మీద ఓటు వేసి గెలిపించారు. మన కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల శాఖ 2022లో ఇదే హక్కు మీద ఒక సంఘాన్ని వేసి, ఆ ఏడాది చివర్లో ఒక జాలగూడు కూడా తెరిచింది.

ఇవన్నీ చదివేటప్పుడు నాకు బెర్తా ప్రయాణంలోని కమ్మరి గుర్తొచ్చాడు. ఆనాడు ఆ గొలుసు కంపెనీవారే బిగించాలని షరతు ఉండి ఉంటే ఆమె ఫోర్త్స్‌హైమ్ చేరేది కాదు.

మేస్త్రి నోటు పుస్తకం

పదకొండో రోజున, మా ఊరి కాలవ గట్టు మీది రేకుల షెడ్డు మేస్త్రిని పిలిచాను. ఆటోనగరులో పదిహేనేళ్లు పనిచేసి వచ్చిన మనిషి. నా కాగితం చదివి పక్కన పెట్టాడు. బండి తనకేసి తిప్పుకుని ఒకటే అడిగాడు. "మాస్టారూ, లైట్లేసి ఉంచి సెల్ఫు కొడితే లైట్లు ఆరతన్నయ్యా, డిమ్మవుతన్నయ్యా?" డిమ్మవుతాయన్నాను. మీటరు ఒక కొసను బ్యాటరీ ఋణ ధ్రువానికీ, రెండో కొసను ఇంజను ఇనుముకూ ఆనించి, నన్ను తాళం తిప్పమన్నాడు. సున్నా దగ్గరుండవలసిన అంకె రెండు దాటింది. నేను చదువుకున్న లెక్క నా కళ్ల ముందే!

తరువాత ఒక లావుపాటి తీగ తెచ్చి, బ్యాటరీ ఋణ ధ్రువం నుంచి నేరుగా ఇంజనుకు తగిలించి, మళ్లీ తిప్పమన్నాడు. పన్నెండేళ్ల బండి పాలు తాగిన దూడలా లేచింది. బ్యాటరీ కింద ఎక్కడో ఆకుపచ్చగా పొడిబారి, సగం పోగులు తెగిన పట్టీని ఊడదీసి నా చేతిలో పెట్టాడు. కొత్త పట్టీ వేసి, అది తగిలే చోట తుప్పు గీకి, సంకేతాలు చెరిపేశాడు. పదకొండులో ఒక్కటీ తిరిగి రాలేదు. కింద చప్పుడు ఆర్ములది కాదు, ఒక చిన్న లింకుది. వణుకు మాత్రం నిజంగానే ఇంజను దిమ్మది. అది మార్చక తప్పలేదు. అన్నీ కలిపి నాలుగు వేల చిల్లర.

సర్వీసు కేంద్రపు కుర్రవాణ్ణి నేను నిందించను. తెర చెప్పినట్టు నడుచుకోవాలని అతనికి నేర్పారు. పట్టీ వెతకమని నేర్పలేదు. పొగ చూడడం నేర్పి నిప్పు వెతకడం నేర్పని చదువు అది. మేం బళ్లల్లో చెప్పిన చదువూ కొన్నిసార్లు అంతే కదా.

డబ్బు తీసుకున్నాక మేస్త్రి కాస్త మొహమాటంగా ఒక బైండు పుస్తకం తెచ్చాడు. "మాస్టారూ, తప్పులు దిద్ది పెడతారా? మా షెడ్డు కుర్రాళ్ల కోసం." నూనె మరకల మధ్య, ఇరవై ఏళ్లుగా తను చూసిన రోగాలన్నీ రాసుకున్నాడు. ఏ బండి, ఏ లక్షణం, కంప్యూటరు ఏమంది, అసలు ఏమిటి: నాలుగు గడులు. అంతా తెలుగు లిపిలో. చేతికింద పనిచేసే పిల్లలు తగ్గిపోతున్నారట. ఉన్నవాళ్లకు ఇంగ్లీషు మాన్యువలు దొరకదు, దొరికినా చదవలేరు.

అలవాటు కొద్దీ ఎర్ర కలం తీశాను. "సెల్ఫు" దగ్గర "ఆరంభకం" అనీ, "ఎర్తు" దగ్గర "భూసంధానం" అనీ రాయబోయి ఆగాను. ఆ తీగకు భూమితో సంబంధమే లేదే! పైగా ఫ్యూజు, బల్బు, సెల్ఫు, ఎర్తు అన్నీ చివర ఉకారం తొడుక్కుని మన అజంత భాషలో ఎప్పుడో కాపురం పెట్టాయి. చేతులకు తెలిసిన మాటను నేను మారిస్తే, రేపు ఆ షెడ్డు కుర్రవాడికి పుస్తకమూ మాన్యువలు లాగే మూసుకుపోతుంది. కలం రంగు మార్చి, ఒత్తులూ దీర్ఘాలూ మాత్రం సరిచేశాను. మూడు వారాలు పట్టింది. నా జీవితంలో నేను దిద్దిన పుస్తకాలన్నిటిలోనూ దిద్దుతూ నేర్చుకున్నది ఇదొక్కటే. ఇప్పుడు అతని అనుమతితో దాన్ని యూనికోడులో ఎక్కిస్తున్నాను, నలభై పుటలయ్యాయి.

మా ఆవిడ కంటి పరీక్షకు మలివిడత ఆ బండిలోనే వెళ్లాం. దారిలో ఎదురుగా ఏ దీపమూ వెలగలేదు.

మీ ఊళ్లోనూ ఇలాంటి నోటు పుస్తకం ఏ షెడ్డులోనో, ఏ మగ్గం దగ్గరో, ఏ వడ్రంగి ఇంటనో ఉండే ఉంటుంది. చూస్తే చెప్పండి. మోటారు సంగతుల్లో నేను పొరబడి ఉంటే తెలిసినవారు దిద్దండి. ఈ వయసులో దిద్దించుకోవడం కూడా బాగానే ఉందని మొన్ననే తెలిసింది.

సెలవు.